శిలాఫలకంపై రెండో తేదీ

2023 జూన్‌లో జగిత్యాల జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం నుంచి నాకు ఒక ఉత్తర్వు అందింది. వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద కోరుట్లకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వెంటనే చేరాలని దాని సారాంశం. వర్క్ అడ్జస్ట్‌మెంట్ అంటే బదిలీ కాదు. ఒక బడిలో ఉపాధ్యాయులు ఎక్కువై మరో బడిలో తక్కువైతే శాఖ చేసే తాత్కాలిక సర్దుబాటు. జీతం పాత బడి పేరనే వస్తుంది, పాఠం మాత్రం కొత్త బడిలో చెప్పాలి. పెళ్లి ఇంటివాళ్లు పక్కింటి గిన్నెలు తెచ్చుకున్నట్లే. పని అయ్యాక తిరిగి ఇస్తారని చెబుతారు గానీ, ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పరు.

నేను సాంఘిక శాస్త్రం బోధించే స్కూల్ అసిస్టెంట్‌ని. ఉన్నత పాఠశాలలో ఒక్కో సబ్జెక్టుకు ఉండే ఉపాధ్యాయుల హోదా అది. ఉద్యోగ విరమణకు ఏడాది పైచిలుకు మిగిలి ఉంది. ఇంట్లోవాళ్లు ఆ ఏడాది కాలు మీద కాలేసుకుని గడపమన్నారు. నాకు అది చేతకాదు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో వచ్చే పెద్దమనుషులు ఇప్పటికీ కోరుట్ల బస్టాండులో కనబడితే నన్ను ఆగి పలకరిస్తారు. ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

తొమ్మిదో తరగతికి ఏటా ప్రాజెక్టు పని ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే మా వాడుకలో ఎఫ్.ఏ.లో, దానికీ మార్కులుంటాయి. చరిత్ర ప్రాజెక్టు అంటే పిల్లలకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నెట్ సెంటర్‌కు పోయి ఒక మహనీయుడి పేరు చెబుతారు. అక్కడివాళ్లు బొమ్మ, నాలుగు పేరాలు ప్రింటు తీసి ఇస్తారు. వాటిని చార్టుకు అంటించి చుట్టూ మెరుపుల అంచు పెడతారు. మొదటి నెలలోనే ఒక అబ్బాయి జగిత్యాల కోట గురించి రాసి తెచ్చాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. చివరి వాక్యం "మరింత చదవండి" అని ఉంది. తెర మీద ఉన్నదంతా ఒక్క అక్షరం పోకుండా ఎక్కించాడు పాపం. మరింత చదవడానికి ఏముందిరా అని అడిగితే, "గా అక్షరాలు నొక్కితే అస్తది మేడం" అన్నాడు. కాగితం మీద నొక్కి చూపించమన్నాను. తరగతంతా నవ్వింది, వాడూ నవ్వాడు.

ఆ రోజు నుంచి ఫోన్ ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు నేర్పడం మొదలుపెట్టాను. ఈ మాట ఎవరు చెబుతున్నారు? ఎప్పుడు చెప్పారు? వాళ్లు చూసి చెబుతున్నారా, విని చెబుతున్నారా? ఏ విషయానికైనా ఒకరినొకరు చూసి రాయని రెండు ఆధారాలు ఉండాలన్నాను. పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం ఉంటే అవి పది ఆధారాలు కావు, ఒకదాన్ని చూసి తొమ్మిది రాసుకున్నాయి అంతే. పరీక్షల్లో కాపీ కొట్టడం ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలు గనక, ఈ సంగతి వాళ్లకు తొందరగానే అర్థమైంది.

ఆ బడి స్టాఫ్‌రూములో ఒక ఫోటో ఉండేది. పాత గ్రూపు ఫోటోలో చివర నిలబడిన ఒక మనిషిని పెద్దది చేసి పటం కట్టించారు. పెద్దది చేయడంతో ముఖం మసకబారింది. ఆయన రాజేశం సార్. పుట్టింది సిరిసిల్లలో, నేత కుటుంబంలో. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు. పగలు పనికిపోయే పిల్లలకు రాత్రి బడి పెట్టారు. ప్రాథమికోన్నత పాఠశాల ఉన్నత పాఠశాల కావడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనేనని ఊరంతా చెప్పుకుంటుంది. పదవీ విరమణ తర్వాత అన్నగారి కుటుంబంతో మహారాష్ట్రలోని భివండి వెళ్లిపోయారు. మా వైపు నేతపని వాళ్లకు భివండి పొరుగూరి లాంటిది. అక్కడే కాలం చేశారని ఊరికి తెలిసి అప్పటికి ఏడెనిమిదేళ్లయింది.

అప్పటి నుంచి ఏటా బతుకమ్మ సెలవులకు ముందు చివరి పనిదినాన ఆ పటానికి దండ వేసేవారు. ఆ రోజే ఎందుకంటే, సార్ పోయిన తేదీ ఎవరికీ తెలియదు. పోయిన తిథి తెలియని పెద్దలకు పెత్రమాస నాడు, అంటే మహాలయ అమావాస్యకు, వాళ్ల పేరున బియ్యం దానం ఇవ్వడం మా ప్రాంతపు ఆచారం. పెత్రమాస నాటికి బడికి సెలవులుంటాయి కాబట్టి దండ ముందే పడేది. పూర్వ విద్యార్థుల్లో పెద్దవాడు గంగారాం మస్కట్‌లో చాలాకాలం పనిచేసి తిరిగొచ్చిన మనిషి. ఆయనైతే ప్రతి పెత్రమాసకూ తన తల్లిదండ్రుల పేర్లతో పాటు రాజేశం సార్ పేరునా బియ్యం ఇచ్చేవాడు. అక్షరం పెట్టిన సార్ తండ్రి కాదా అనేవాడు.

నేను చేరిన ఏడాది గంగారాం, ఆయన తోటివాళ్లు ఒక కమిటీగా ఏర్పడి బడి ఆవరణలో సార్ విగ్రహం పెట్టాలని తీర్మానించారు. సెలవులకు ముందు చివరి రోజే ఆవిష్కరణ. విగ్రహం కింద శిలాఫలకం. దాని మీద పేరు, జననం, ఒక గీత, మరణం. మెట్‌పల్లిలో రాయి చెక్కేవాళ్లకు పని అప్పగించారు. ఫలకంపై ఏముండాలో బడి తరఫున రాతపూర్వకంగా ఇవ్వాలి, కాబట్టి హెడ్‌మాస్టర్ గారు సాంఘిక శాస్త్రం టీచరునని ఆ బాధ్యత నాకు అప్పగించారు. విగ్రహం చేసేవాళ్లకు మసక లేని ఫోటో ఒకటి కావాలి, ఫలకానికి రెండు తేదీలు కావాలి. నేను వీటిని తొమ్మిదో తరగతిలో ఒక బృందానికి ప్రాజెక్టుగా ఇచ్చాను. దూరదేశపు చక్రవర్తుల కంటే ఊరి మనిషి గురించి వెతకడం మంచిదనుకున్నాను.

ఆ బృందానికి నాయకురాలు అఖిల. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, తండ్రి కోరుట్లలో హమాలీ. మాట తక్కువ, పట్టు ఎక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు. కుందేలును తిరగేసి నాలుగో కాలు కనబడేదాకా వదలని రకం.

పుట్టిన తేదీ తొందరగానే దొరికింది. అఖిల అమ్మమ్మగారిది సిరిసిల్ల. సార్ చదివిన ప్రాథమిక పాఠశాల ఏదో వాళ్ల ద్వారా తెలుసుకుని, నేను ఒక శనివారం బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు పాత ప్రవేశాల రిజిస్టరు వెతికించి తేదీ ఇచ్చారు. పుట్టిన తేదీ విషయంలో మా శాఖ చాలా పట్టుదల గలది. ఏ చిన్న సవరణకైనా సాక్ష్యాల మీద సాక్ష్యాలు అడుగుతుంది. అందుకే ఆ ఒక్క తేదీ విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు. పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఆ పక్కన గీత వరకు రాయి చెక్కడం మొదలైంది.

రెండో తేదీ దగ్గర పిల్లలు ఆగిపోయారు. తెలుగులో వెతికారు, ఇంగ్లీషులో వెతికారు. ఆ పేరుతో ఎవరెవరో వచ్చారు గానీ సార్ రాలేదు. ఊళ్లో అడిగితే అందరూ పోయారనే చెప్పారు. ఎప్పుడని అడిగితే "గంగారాం చెప్పిండు" అన్నారు. గంగారామ్‌ను అడిగితే ఆయన చెప్పింది ఇది. భివండిలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు సార్‌ను చూద్దామని ఇంటికి వెళ్లాడు. తాళం వేసి ఉంది. ఆ ఇంటి పెద్దాయన చనిపోయాడని, అస్థికలు కలపడానికి ఇంటివాళ్లంతా నాసిక్ పోయారని పక్క కార్ఖానాలోని పనివాళ్లు చెప్పారు. ఆయన అక్కడే స్నానం చేసి, ఏడ్చి, తిరిగొచ్చేశాడు. కొద్ది రోజులకే మస్కట్ విమానం ఎక్కాడు. అక్కడున్నన్నాళ్లూ పెత్రమాస బియ్యం ఇంటివాళ్లతో ఇప్పించాడు.

అఖిల ప్రాజెక్టు కాగితంలో మరణ తేదీ ఎదురుగా "దొరకలేదు" అని రాసింది. హెడ్‌మాస్టర్ గారికి అది చూపిస్తే ఇబ్బందిగా కదిలారు. ఆవిష్కరణకు పిలుపులు వెళ్లిపోయాయి, రాయి చెక్కేవాళ్లు తేదీ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. కమిటీవాళ్లు ఒక ఉపాయం చెప్పారు. గంగారాం భివండి పోయిన సంవత్సరం తెలుసు కదా, ఆ ఏటి పెత్రమాస తేదీ వేస్తే సరిపోతుంది. తిథి తెలియని పెద్దలందరికీ అదే తిథి. నిజం చెప్పాలంటే ఆ మాట వాళ్ల నోట వచ్చినప్పుడు ఎవరికీ తప్పుగా తోచలేదు. బియ్యం ఇవ్వడానికి అది నిండైన ఆచారమే. కానీ రాయి మీద చెక్కితే అది చరిత్ర అవుతుంది. సోమవారంలోగా సంతకం పెట్టి ఇవ్వమని హెడ్‌మాస్టర్ గారు మర్యాదగానే అడిగారు. నేను కాగితం సంచిలో పెట్టుకున్నాను గానీ, సంతకం పెట్టలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్న భోజనాల తర్వాత అఖిల స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్లమ్మ ఫోన్ చేతిలో ఉంది. తెలుగులో దొరకలేదు కదా మేడం, సార్ ఉన్న ఊళ్లో హిందీ మాట్లాడతారు కదా, అందుకని హిందీ అక్షరాల్లో రాసి వెతికాను అని చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పిన నాకు ఆ ఆలోచన రాలేదు. మనిషి ఏ ఊళ్లో బతికాడో ఆ ఊరి భాషలో వెతకాలనేది తర్వాత నేను ప్రతి తరగతికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది అఖిల నియమం అనే చెప్పాను.

అది ఒక వీడియో. భివండిలోని తెలుగువాళ్ల సంఘం ఒకటి చేసిన సన్మానం. కింద హిందీలో "రాజేశం మాస్టర్" అని ఉంది. బాగా ముసలాయన, బక్కపలచటి మనిషి, శాలువా కప్పితే దాన్ని మడతపెట్టి పక్కన పెట్టుకున్నారు. వీడియో పెట్టిన తేదీ, సార్ పోయారని మాకు తెలిసిన దానికి తర్వాతి కాలానిది.

నేను ముందు ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లాల్సి వచ్చింది, అది నా పని. పెట్టిన తేదీ తీసిన తేదీ కాదని చెప్పాను. మా చెల్లెలి పెళ్లి వీడియో పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఎక్కించారు. దాన్ని చూసి ఆమె కొత్త పెళ్లికూతురనుకుంటే ఎట్లా? అఖిల వీడియోను కొంచెం ముందుకు జరిపి ఆపింది. వేదిక కింద కూర్చున్న పిల్లల మీద వేలు పెట్టింది.

"మూతులకు చూడుండ్రి మేడం. మాస్కులున్నయి."

అందరికీ మాస్కులే. తీసిన తేదీ ఏదైనా, అది కరోనా వచ్చిన తర్వాతే. గంగారాం భివండి పోయింది దానికి చాలా ముందు. ఈయనే మన రాజేశం సార్ అయితే, మనం దండ వేస్తున్నది బతికున్న మనిషి పటానికి.

నాకు ముందు సంతోషం కలగాలి గానీ కలగలేదు, భయమేసింది. ఆవిష్కరణకు పట్టుమని పది రోజులు లేవు. బతికున్న మనిషికి మరణ తేదీ చెక్కి, పెద్దలను పిలిచి, తెర తొలగించి చప్పట్లు కొడితే, రేపు ఆ ఫోటో ఏదో ఒక ఫోన్ ద్వారా భివండి చేరకుండా ఉంటుందా? ఆ ముసలాయన దాన్ని చూస్తే? అలాగని, ఈయన వేరే మనిషై మేము ఆవిష్కరణ ఆపితే, ఊరి ముందు నిలబడాల్సింది ఈ పిల్ల.

అఖిలను వెంటబెట్టుకుని వెళ్లి హెడ్‌మాస్టర్ గారి గదిలో కమిటీకి వీడియో చూపించాను. గంగారాం తల అడ్డంగా ఊపాడు. "మా సార్ గింత బక్కగ లేకుండె మేడం. తాళం నా కండ్లతోని చూసిన. పక్కోళ్లు అబద్ధమెందుకు చెప్తరు?" కోపం కాదు అది. ఆయన గొంతులో ఉన్నది బెదురు. ఇన్నేళ్లు బియ్యం ఇచ్చిన చెయ్యి ఆయనది. మిగిలినవాళ్లు ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అఖిల వైపు చూసి నవ్వారు. సంగతి సాయంత్రానికి ఊళ్లో పాకింది. మర్నాడు అఖిల తండ్రి బడికి వచ్చాడు. మర్యాదగా నిలబడే మాట్లాడాడు.

"మేడం, పెద్దమనుషుల నడుమ నా బిడ్డెందుకు? సచ్చినోళ్లను బతికిండ్రంటే మంది నవ్వుతరు. గీ ముచ్చట తప్పయితే మల్ల ఫోన్ ముట్టనియ్య. చదువుడు చాలు అంటరు ఇంట్ల."

తప్పయితే నేను చేయించానని చెబుతానన్నాను. ఆయనకు ఆ హామీ చాలలేదని తెలుస్తూనే ఉంది. అఖిల పక్కనే తల వంచుకుని నిలబడింది. కానీ మాట మార్చలేదు.

ఇక రెండో ఆధారం కావాలి. ముఖం పోల్చి చూడటం లాభం లేదు. మా దగ్గరున్నది మసకపటం, అందులో ఆయనకు యాభై దాటి ఉంటాయి, వీడియోలో ఎనభై దాటాయి. వీడియో కింద అభిప్రాయం రాసే చోటు ఉంది. పిల్లలు తమ పేరుతో గానీ, ఇంటి ఫోన్ నంబరుతో గానీ అలాంటి చోట్ల ఏమీ రాయకూడదనేది నా నియమం, కాబట్టి నా ఖాతా నుంచే రాయాలనుకున్నాం. ఏం రాయాలన్నదే చిక్కు. ఎవరి ఇంటి పెద్దనైనా బతికున్నారా అని ఎట్లా అడుగుతాం? అఖిల బృందం అరగంట తంటాలు పడి ఒక ప్రశ్న తయారు చేసింది. ఈ మాస్టరు గారు ఉద్యోగం చేసింది ఏ జిల్లాలో, ఏ ఊళ్లో అని. మా ఊరి పేరు మేం రాయలేదు. మనం ముందే పేరు చెబితే వాళ్లు అవునంటారు, అది సాక్ష్యం కాదని పిల్లలే అన్నారు. అది విన్నప్పుడు నా నౌకరీ ఊరికే పోలేదనిపించింది. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి రాసి పెట్టాం.

సోమవారం జవాబు రాలేదు. నేను సెలవు పెట్టి జగిత్యాల ట్రెజరీ ఆఫీసుకు వెళ్లాను. పింఛనుదారులు ఏటా తాము జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇప్పుడు వేలిముద్రతో ఎక్కడినుంచైనా పంపవచ్చు. మరొకరి పింఛను వివరాలు చెప్పరని నాకు తెలుసు. ఆ మాటే అక్కడి అకౌంటెంట్ చెప్పారు. సంగతంతా విన్నాక మాత్రం, చాలాసేపు ఆలోచించి, ఆ పేరుగల ఉపాధ్యాయుడి మరణం గురించి తమకు ఎవరూ తెలియజేయలేదు, అంతకు మించి ఏమీ అడగవద్దు అన్నారు. అది పూర్తి సాక్ష్యం కాదు. తెలియజేయడం మరిచిపోయే ఇళ్లూ ఉంటాయి. అయినా తిరుగు బస్సులో నాకు కొంచెం ఊపిరాడింది. హెడ్‌మాస్టర్ గారికి ఫోన్ చేసి, ఆధారం లేని తేదీకి నేను సంతకం పెట్టలేనని చెప్పాను. ఆయన నిట్టూర్చి, రాయి పని ఆపిస్తానన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనకే తగిలేటట్లుందమ్మా అని ఆయనే అన్నారు. ఆ మాటతో ఆయన మా పక్షానికి వచ్చారని అర్థమైంది.

జవాబు బుధవారం ఉదయం ప్రార్థన సమయానికి వచ్చింది. తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. మా చిన్నతాత పాత కరీంనగర్ జిల్లాలో పనిచేశారు అని, ఊరి పేరు. మా ఊరి పేరే. కింద, మీరు ఎవరు, తాత అడుగుతున్నారు అని ఉంది.

తాత అడుగుతున్నారు. ఆ రెండు మాటలు చదివి నేను జాతీయ గీతం మధ్యలో కళ్లు తుడుచుకున్నాను. పిల్లలు దేశభక్తి అనుకున్నారు.

మొదటి విరామంలో ఆ జవాబు రాసిన అమ్మాయి నంబరు అడిగి తీసుకుని, ఫోన్‌లో మాట్లాడాను. ఆమె పేరు స్నేహ, రాజేశం సార్ అన్నగారి మనుమరాలు. అంతా ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఉండేవారు. పోయింది అన్నగారు లక్ష్మీరాజం. నాసిక్ తీసుకుపోయినవి ఆయన అస్థికలు. పక్క కార్ఖానావాళ్లు అబద్ధం చెప్పలేదు, గంగారాం అబద్ధం చెప్పలేదు. ఏ పెద్దాయన అని అడగడం ఒక్కటే ఎవరూ చేయలేదు. తర్వాత వాళ్లు ఇల్లు మారారు, నంబర్లు మారాయి. ఊరివాళ్లు మరిచిపోయారని సార్ అనుకున్నారు. సార్ పోయారని ఊరు అనుకుంది.

అఖిలకు చెప్పినప్పుడు ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మెట్ల మీద కూర్చుంది. "మా నాయినకు మీరే చెప్పుండ్రి మేడం" అంది. ఫోన్ చేసి చెప్పాను. ఆయన అడిగిన మొదటి మాట, "సార్ మంచిగున్నడా?"

గంగారామ్‌కు చెప్పడం అంత సులభం కాలేదు. విన్న వెంటనే కుర్చీలో కూలబడి, బతికున్న గురువుకు పిండాకూడు పెట్టినట్లయిందని తల పట్టుకున్నాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎల్లవ్వ అక్కడే ఉంది. ఆమె, సచ్చిండని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతదని పెద్దలు చెప్తరు, నువ్వు ఏటా ఇంత పెంచితివి, ఏడుస్తవెందుకు అని మందలించింది. ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది అప్పుడే.

ఆవిష్కరణ జరగాల్సిన రోజున తొమ్మిదో తరగతి గదిలోని డిజిటల్ బోర్డు మీద భివండితో వీడియో కాల్ పెట్టాం. గదినిండా పిల్లలు, గోడల వెంట ఊరివాళ్లు. అఖిల తండ్రి పని మానుకుని వచ్చాడు. గంగారాం ముఖం చూపించలేనని వెనక వరసలో, ఇద్దరి భుజాల చాటున నిలబడ్డాడు. తెర మీద సార్ కనబడ్డారు. ఆయనే ముందు మాట్లాడారు. నన్ను వెతికిన పిల్ల ఎవరని అడిగి, అఖిల లేచి నిలబడితే, "నేనే రాజేశాన్నని నువ్వెట్ల నమ్మినవు బిడ్డా?" అన్నారు.

అఖిల మాస్కుల సంగతి, స్నేహ చెప్పిన ఊరి పేరు, ట్రెజరీ సంగతి వరసగా చెప్పింది. సార్ వింటూ వేళ్లు మడిచి, ఇవన్నీ ఇంకొకరు చెప్పినవే గదా, నన్ను నువ్వేం అడగలేదు గదా అన్నారు. ఎనభై దాటిన మనిషి, పరీక్ష పెట్టడం మానలేదు. అఖిల ఊళ్లో పెద్దల దగ్గర జవాబు ముందే కనుక్కుని సిద్ధపడే ఉంది. "రాత్రి బడిల పిల్లలు ఏడ కూసుందురు సార్?" అని అడిగింది.

సార్ నవ్వారు. మగ్గాల ఇంట్లో పెట్టామని, పగలు నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటల్లో రాత్రి పిల్లలు కాళ్లు వేలాడేసి, గట్టు మీద కూర్చునేవాళ్లని, బెంచీలకు అదే లెక్క అని చెప్పారు. "గంగారాం అని ఒకడుండె. గుంటలనే ఒరిగి నిద్రపోతుండె. లేపితే మల్ల నిద్రనే. వాడున్నడా?"

గది గోలగోలైంది. గంగారామ్‌ను ముందుకు తోశారు. ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. పక్కవాళ్లెవరో బియ్యం సంగతి అందించారు. సార్ కాసేపు తెరలోంచి ఆయన్నే చూసి, చాలా గంభీరంగా అడిగారు.

"ఏం బియ్యమిచ్చినవురా? దొడ్డువా, సన్నయా?"

"సన్నయే సార్" అన్నాడు గంగారాం, ఏడుస్తూ నవ్వుతూ.

"ఇగ నయం" అన్నారు సార్.

విగ్రహం వద్దన్నారు ఆయన. కాకులు కూర్చోవడానికి ఊళ్లో చెట్లు లేవా అన్నారు. కమిటీవాళ్లు ఆ ప్రయత్నాన్ని బడిలో పిల్లల పఠన గదిగా మార్చారు. రెండు కంప్యూటర్లు పెట్టించారు, ఆ గదికి సార్ పేరు పెట్టారు. చెక్కడం మొదలైన ఫలకాన్ని ఆ గోడకే అమర్చారు. పేరు, ఊరు, పుట్టిన తేదీ. పక్కన ఉన్న గీతను చెక్కినవాళ్లే రెండు ఆకులు చేర్చి తీగగా మార్చారు. ఆ తీగ పక్కన జాగా ఖాళీగానే ఉంది. సార్‌ను అడిగితే, తొందరేముంది అన్నారు. నేను విరమణ పొందిన రోజున ఆయన ఫోన్ చేసి నన్ను ఆశీర్వదించారు. ఈ మాటలు రాస్తున్ననాటికి కులాసాగా ఉన్నారు. అఖిల ఇంటర్ చదువుతోంది.

పిల్లలకు ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పేవాళ్లం దొరికినదాన్ని ఎలా సరిచూసుకోవాలో చెబుతాం. నేనూ అదే చెప్పాను. దొరకనప్పుడు ఏం చేయాలో చెప్పడం మరిచిపోతాం. పెద్దలం ఖాళీ జాగా చూసి ఓర్చుకోలేం. ఆచారం ప్రకారమో, అంచనా ప్రకారమో ఏదో ఒకటి నింపేస్తాం. వెతికి దొరకనిదాన్ని దొరకలేదని రాయడం సోమరితనం కాదని, అదీ ఒక ఫలితమేనని ఆ ఏడాది నాకు తెలిసింది. ఒక మనిషి పుట్టిన తేదీకి మా శాఖ, మా ఊరు, నేను, అందరం సాక్ష్యం అడిగాం. పోయిన తేదీకి మాత్రం తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే అడిగింది.